కుతుపలాంగ్ క్యాంపులో పది నెలలు: నా అనుభవం

"మంటలు గీయాలా, పూలు గీయాలా?"

తెల్ల కాగితాలు పంచుతుంటే ఎనిమిదేళ్ల పిల్ల నన్ను అడిగిన మాట ఇది. నాకు వాళ్ల భాష రాదు. పక్కనున్న చిట్టగాంగ్ అమ్మాయి తెలిసినంతలో హిందీలోకి మార్చి, "మీరు కొత్త కదా, అందుకని కనుక్కుంటోంది" అంది. నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు విడమరిచి చెప్పింది. మెడలో కార్డులు వేసుకున్నవాళ్లు వస్తుంటారు, కాగితాలిస్తారు. తగలబడుతున్న ఇల్లు గీసిన పిల్ల దగ్గర కూర్చుంటారు, తల నిమురుతారు, ఫోటో తీసుకుంటారు. పువ్వు గీసిన పిల్ల దగ్గర ఎవరూ ఆగరు. ఈ కిటుకు పిల్లలు ఆరు నెలల్లోనే పట్టేశారు. కొందరైతే పైన హెలికాప్టర్, కింద మంట, పక్కన పడిపోయిన మనిషి, మూడూ రెండు నిమిషాల్లో గీసి చేతిలో పెట్టేసేవాళ్లు.

అది 2018 ఫిబ్రవరి, నేను బంగ్లాదేశ్‌లోని కుతుపలాంగ్ శరణార్థి క్యాంపుకు వెళ్లిన మొదటి వారం. సూట్‌కేసు నిండా బొమ్మల కాగితాలు, క్రేయాన్లు, పిల్లలతో గీయించి వాళ్ల మనసు చదవడానికి పనికొచ్చే పుస్తకాలు మోసుకెళ్లాను. ఆ ప్రశ్న విన్నాక నెలరోజులపాటు వాటిని బయటికి తీయలేదు.

నేను సోషల్ వర్క్ చదివాను. అప్పటికి తొమ్మిదేళ్లుగా పిల్లల కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. లైంగిక హింసకు గురైన పిల్లలు, తల్లిదండ్రుల విడాకుల మధ్య నలిగిన పిల్లలు, ఇంటి నుంచి పారిపోయిన పిల్లలు నాకు తెలుసు. సైన్యం ఊరిమీద పడగా పారిపోయి వచ్చిన పిల్లల్ని మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఒక అంతర్జాతీయ సంస్థవాళ్లు బంగ్లాదేశ్‌లోని రోహింగ్యా క్యాంపుల్లో స్థానిక కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడానికి మనిషి కావాలంటే దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలో ఎంతో ధైర్యంగా మాట్లాడాను. ఆ ధైర్యంలో సగం తెలియనితనమే.

మయన్మార్ సైన్యం దాడులు మొదలైన 2017 ఆగస్టు 25 తర్వాత కొద్ది నెలల్లోనే అక్కడి రఖైన్ రాష్ట్రం నుంచి 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు, అంటే అక్కడి ముస్లిం మైనారిటీ జనం, బంగ్లాదేశ్‌లోకి వచ్చారు. కొందరు నాఫ్ నది దాటి వచ్చారు, కొందరు రోజుల తరబడి కొండల్లో నడిచి వచ్చారు. వాళ్లలో సగానికి మించి పిల్లలే. కాక్స్‌బజార్ నుంచి జీపులో గంటన్నర పోతే ఉఖియా. అక్కడ రోడ్డు దిగి కొండెక్కి చూస్తే కనుచూపుమేర వెదురు, టార్పాలిన్. కొన్ని నెలల కిందట అదంతా ఏనుగులు తిరిగే అడవి. ఆ ఏనుగులు పాతదారిన వచ్చి గుడిసెలమీద పడితే మనుషులు చనిపోయారు కూడా. అంటే అటునుంచి పారిపోయి వచ్చిన పిల్లలకు ఇక్కడా రాత్రిపూట భయపడడానికి ఒకటి సిద్ధంగా ఉంది.

మా కేంద్రం కూడా వెదురు గదే. పేరుకు 'చైల్డ్ ఫ్రెండ్లీ స్పేస్'. నేలమీద చాపలు, ఒక మూల నీళ్ల డ్రమ్ము, ఇనప పెట్టెలో బంతులు, తాళ్లు, చెక్క దిమ్మలు. రోజుకు రెండు విడతలు, విడతకు నలభై మంది. నడిపేది నేను కాదు. ఇద్దరు బంగ్లాదేశీ అమ్మాయిలు, నలుగురు రోహింగ్యా వలంటీర్లు. చిట్టగాంగ్ వైపు మాట్లాడే యాసా రోహింగ్యా భాషా చాలా దగ్గర కాబట్టి వాళ్లమధ్య మాట సాగిపోయేది. నేను వాళ్ల వెనక కూర్చుని చూసి, సాయంత్రం వాళ్లతో మాట్లాడేదాన్ని. పిల్లలూ పెద్దలూ అందరూ నన్ను ఆపా అనేవాళ్లు, అక్కా అని. చీకటి పడకముందే మాలాంటి వాళ్లు క్యాంపు వదిలి వెళ్లిపోవాలని నియమం. పిల్లలకు అసలు కష్టం మొదలయ్యేదే చీకటి పడ్డాక. ఇది నన్ను చివరిదాకా వేధించింది.

ఇక ఒక పిల్లాడి సంగతి. తొమ్మిదేళ్లుంటాయేమో. మా కేంద్రం గుమ్మం ముందు చెప్పులు కుప్పగా విడిచి లోపలికి రావాలి. వాడు విడిచేవాడు కాదు. మట్టి దులిపి, రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి, లోపలికి తెచ్చుకుని, గుమ్మం పక్కనే ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఆటలాడడు, పాట పాడడు. రెండు గంటలూ అలాగే కూర్చుని, అందరికంటే ముందు లేచి వెళ్లిపోయేవాడు. నీలం రంగు రబ్బరు చెప్పులు, ఎడమదానికి పట్టీ తెగితే తీగతో కట్టి ఉంది. వలంటీర్ ఒకతను రెండుసార్లు చెప్పులు బయట పెట్టమన్నాడు, మూడోసారి కాస్త గట్టిగా అన్నాడు. పిల్లాడు లేచి వెళ్లిపోయి నాలుగు రోజులు రాలేదు.

ఆ సాయంత్రం మేమందరం కూర్చున్నప్పుడు పెద్ద వలంటీర్ ఒక్కమాట అన్నాడు. ఆయన మయన్మార్‌లో బడిపంతులుగా పనిచేసి వచ్చిన మనిషి. "ఆ రాత్రి ఎవడి కాలికి చెప్పులున్నాయో వాడు బతికాడు ఆపా. కొండల్లో పన్నెండు రోజులు నడిచాం." అంతే. మా రూల్ మార్చుకున్నాం. చెప్పులు లోపలికి తెచ్చుకోవచ్చు, ఎవరైనా సరే. మర్నాడు ఇంకో ఏడుగురు తెచ్చుకున్నారు! అంటే అన్నాళ్లూ వాళ్లు మనసొకచోట, చెప్పులొకచోట పెట్టి కూర్చున్నారన్నమాట.

నేను వెళ్లేముందు చదివినదంతా వృథా అనడం లేదు. ఐక్యరాజ్యసమితి సంస్థలూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి విపత్తుల్లో మానసిక సాయంమీద 2007లో తెచ్చిన మార్గదర్శకాల్లో ఒక పిరమిడ్ బొమ్మ ఉంటుంది. అడుగున భద్రత, తిండి, నీళ్లు. దానిమీద కుటుంబం, సమాజం. ఆ పైన శిక్షణ పొందిన కార్యకర్తల సాయం. శిఖరం దగ్గర చిన్న ముక్క, అది డాక్టర్లది, సైకాలజిస్టులది. ఆ బొమ్మ నాకు నోటికొచ్చు. కానీ నా చూపంతా శిఖరంమీదే ఉండేది. జరిగింది పిల్లాడితో చెప్పిస్తే, ఏడ్పిస్తే బరువు దిగుతుందన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది, నాకూ ఎక్కడో ఉంది. ప్రమాదం జరిగిన వెంటనే కూర్చోబెట్టి వివరాలన్నీ ఒక్కసారిగా చెప్పించే 'డీబ్రీఫింగ్' వల్ల మేలు లేదనీ, కొందరికి కీడు కూడా జరుగుతుందనీ తేలిపోయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దని చెప్పి ఏళ్లయింది. అయినా మా సంస్థ పైఆఫీసు నుంచి వచ్చిన ఫారంలో ఒక గడి ఉండేది: 'తన అనుభవాన్ని పంచుకున్న పిల్లల సంఖ్య'. నెలనెలా అందులో అంకె వేయాలి. నేను రెండు నెలలు సున్నా వేసి పంపితే ఫోన్ వచ్చింది.

ఫారాల గురించి ఇంకొకటి. పిల్లల మానసిక స్థితి కొలవడానికి ఐదు మొహాల బొమ్మ ఇచ్చారు, నవ్వుతున్న మొహం నుంచి ఏడుస్తున్న మొహం వరకు. 'ఈరోజు నువ్వెలా ఉన్నావు?' అని చూపించమనాలి. పిల్లలు గుండ్రంగా, నీటుగా అచ్చు పడిన మొహం చూపించేవాళ్లు. ఒక పిల్ల మధ్య మొహాన్ని చూపించి, "ఇది మా పిన్నిలా ఉంది" అంది. ఆ లెక్కలన్నీ ఏదో ఒక నివేదికలో గ్రాఫులై ఉంటాయి.

అయితే కొలత అక్కర్లేని మాట ఒకటి దొరికింది. 'మెంటల్ హెల్త్' అన్నమాట ఏ రకంగా చెప్పినా అక్కడివాళ్లకు 'పాగల్' దగ్గరికే వెళ్లి ఆగేది. మేం పిచ్చి డాక్టర్లమని ఒక బ్లాకులో పుకారు పుట్టి వారంరోజులు పిల్లలు సగానికి సగం తగ్గారు. అప్పుడు ఒక తల్లి తన కూతురి గురించి చెబుతూ "ఒశాంతి" అంది. నేను చటుక్కున తలెత్తాను. అనువాదం కోసం ఎదురుచూడనక్కరలేని మొదటి మాట అది. అశాంతి. కడుపులో, గుండెలో, ఒంట్లో ఎక్కడా నెమ్మది లేకపోవడం. తర్వాత 'చింతా' వినిపించింది. మందులిచ్చే నాటువైద్యుణ్ని వాళ్లు పిలిచే పేరు కూడా మన 'వైద్యుడు'కి దగ్గరి చుట్టమే. అప్పటినుంచి మా వలంటీర్లు గుడిసెలకు వెళ్లి, "మీ పిల్లకు ఏమైనా మానసిక సమస్య ఉందా" అనడం మానేసి, "రాత్రిపూట పిల్లకు అశాంతిగా ఉంటోందా" అని అడిగేవాళ్లు. తలుపులు తెరుచుకున్నాయి అనను, అక్కడ తలుపులు లేవు, గోనెపట్టాలే. ఆ పట్టా పక్కకు జరిపి కూర్చోమనేవాళ్లు.

తల్లుల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాకే నాకు పని తెలియడం మొదలైంది. పిల్లలు పక్క తడుపుతున్నారు, ఏడేళ్లవాడు మళ్లీ చంకెక్కుతున్నాడు, తల్లి మరుగుదొడ్డికి వెళ్తే బయట నిలబడి అరుస్తున్నాడు. వింటే ఇవన్నీ పిల్లల జబ్బుల్లా ఉంటాయి. ఒక్కొక్క ఇంట్లో అరగంట కూర్చుంటే తల్లి నిద్రపోయి ఎన్నాళ్లయిందో తెలుస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో లండన్‌మీద బాంబులు పడుతున్నప్పుడు అనా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగమ్ అనే మనోవిశ్లేషకులు అక్కడ పిల్లల నర్సరీలు నడిపారు. బాంబుల మోతకంటే తల్లి నుంచి విడిపోవడమే పసిపిల్లల్ని ఎక్కువ కుంగదీసిందని వాళ్లు గమనించారు. ఇది నేను పరీక్షకోసం చదివిన విషయం. అక్కడ నా కళ్లముందు తల్లులు పిల్లల పక్కనే ఉన్నారు, కానీ సగం ఉన్నారు. చూపు ఎక్కడో ఉండేది.

అందుకని వారానికి రెండు మధ్యాహ్నాలు తల్లులకోసం పెట్టాం. కౌన్సెలింగ్ అని పేరు పెట్టలేదు. జడలు వేసుకునేవాళ్లు, కుట్లు కుట్టుకునేవాళ్లు, ఆ గంటసేపు పిల్లల్ని వలంటీర్లు చూసుకునేవాళ్లు. మేం చెప్పింది చాలా తక్కువ. పక్క తడిపినందుకు కొట్టొద్దు, భయపడ్డ పిల్ల మొండి పిల్ల కాదు, పడుకునేముందు రోజూ ఒకే పాట పాడండి. ఆ మూడోదానికి ఒకావిడ నవ్వి, "పాట మాకు మీరు నేర్పాలా ఆపా?" అంది. నిజమే. నేర్పక్కర్లేదు. ఆరు నెలలుగా ఎవరూ పాడడం లేదని ఆ తర్వాత ఆమే చెప్పింది. ఆ రోజు అందరూ వంతులవారీగా పాడారు. మా చిట్టగాంగ్ అమ్మాయి తన బామ్మ పాడేది ఇదే పాటని గొంతు కలిపింది.

పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలు కేంద్రానికి వచ్చేవాళ్లు కాదు. పెద్దమనిషి అయ్యాక గుడిసె దాటి పంపరు. మా హాజరు పట్టీ చూస్తే ఆ వయసు ఆడపిల్లలు క్యాంపులోనే లేరనిపిస్తుంది. టార్పాలిన్ కింద, ఏప్రిల్ ఎండలో, రోజంతా లోపలే. ఒక బ్లాకు పెద్దను, వాళ్లు మాఝీ అంటారు, మూడువారాలు బతిమాలితే ఆయన చెల్లెలి గుడిసెలో ఆడపిల్లలు చేరడానికి ఒప్పుకున్నాడు. ఆ గుడిసెలో జరిగింది నేనిక్కడ రాయను. వాళ్లు చెప్పినవి వాళ్లవి. ఒక్కటి మాత్రం చెప్తాను. పద్నాలుగేళ్ల పిల్ల మొదటిరోజు నన్ను అడిగింది, తాను చెప్పింది ఎంతమందికి చేరుతుందని. అప్పటికే నలుగురు వేరువేరు సంస్థలవాళ్లు రాసుకుని వెళ్లారట. ఎవరూ మళ్లీ రాలేదట.

తండ్రుల విషయానికి మేం ఆలస్యంగా వచ్చాం. అది మా తప్పు. శరణార్థులకు బయట పనిచేయడానికి అనుమతి లేదు. పొలం ఉన్న మనిషి, పడవ ఉన్న మనిషి, రేషన్ లైన్‌లో నిలబడి వచ్చి రోజంతా గుమ్మంలో కూర్చుంటాడు. చిరాకు పిల్లలమీద దిగుతుంది. మా బడిపంతులు వలంటీరే దారి చూపించాడు. పిల్లలు ప్లాస్టిక్ సంచులతో గాలిపటాలు చేసుకునేవాళ్లు, సరిగా ఎగిరేవి కావు. వెదురు చీల్చడం వచ్చిన ఒక ముసలాయన్ని కేంద్రానికి పిలిచాడు. ఆయన కత్తి తీసుకుని, ఈనెలు గోరుమందం వచ్చేదాకా చీల్చి, రెండువేళ్లమీద ఆనించి బరువు చూసి, అటో పొర ఇటో పొర గీకి, మళ్లీ ఆనించి చూసేవాడు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. రెండోవారానికి ఐదుగురు మగవాళ్లు వచ్చారు, తలా ఒకమాట, ఈనె ఇంత వంగకూడదు, తోక చాలదు అంటూ. ఒకరితో ఒకరు పోట్లాడుకున్నారు కూడా. మా పైఆఫీసు అధికారికి ఆ ఫోటోలు పంపితే, ఇందులో మానసిక సేవ ఏది అని రాశాడు. నేను జవాబు రాసి, చెరిపేసి, మళ్లీ రాసి, చివరికి 'సామాజిక పునరావాసం' అనే గడిలో ఐదు అని అంకె వేసి ఊరుకున్నాను.

అన్నింటికీ ఆటలూ పాటలూ సరిపోతాయని కాదు. సరిపోవు. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒక పదకొండేళ్ల పిల్ల ఉన్నట్టుండి కళ్లు తేలేసి పడిపోయేది. ఒళ్లు బిగుసుకుపోయేది, పిలిస్తే పలికేది కాదు. ఇంట్లోవాళ్లు జిన్ను పట్టిందన్నారు, తాయెత్తు కట్టించారు. నేను మొదట చిరాకు పడ్డాను. క్లినిక్‌లో డాక్టరు మూర్ఛ కాదని తేల్చి, మనసు భరించలేనిదాన్ని ఒళ్లు ఇలా చూపిస్తుందని చెప్పి, సైకాలజిస్టు దగ్గరికి పంపాడు. పిల్లను వారంవారం అక్కడికి పంపించడానికి ఇంట్లో ఒప్పించింది ఎవరనుకున్నారు? తాయెత్తు కట్టిన ఇమామే. "రెండూ చేయించండి" అన్నాడు.

అంతర్యుద్ధం తర్వాత మొజాంబిక్‌లోనూ, సైన్యాల చేతుల్లోంచి తిరిగొచ్చిన పిల్లల్ని ఊళ్లు శుద్ధి కర్మలు చేసి కలుపుకున్నాయని చదివాను. సియెరా లియోన్‌లో థెరెసా బెటన్‌కోర్ట్ అనే పరిశోధకురాలు 2002 నుంచి మాజీ బాలసైనికుల్ని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. వాళ్లు పడ్డ హింస ఎంత ముఖ్యమో, తిరిగొచ్చాక ఊరు వాళ్లను ఎలా చూసిందన్నదీ అంతే ముఖ్యమని ఆమె చెప్పింది. చదివినప్పుడు ఇవి నాకు దూరపు సంగతులు. ఇమామ్ ఆ మాట అన్నాక దగ్గరయ్యాయి.

సైకాలజిస్టు ఆ పిల్లతో చేసిన పద్ధతిలో ఒక తాడు నేలమీద పరుస్తారు. అది పిల్ల పుట్టినప్పటినుంచి ఇప్పటిదాకా బతుకు. మంచి జరిగినచోట పువ్వు, చెడు జరిగినచోట రాయి పెట్టాలి. తర్వాత ఒక్కొక్క రాయి దగ్గరా ఆగి, అది ఎప్పుడు, ఎక్కడ, ఆ తర్వాత ఏమైంది అని నెమ్మదిగా కథ అల్లుకుంటూ రావాలి. వారాలు పడుతుంది, చేయించేవాళ్లకు శిక్షణ ఉండాలి. ఆ పిల్ల తాడుమీద మొదట అన్నీ పువ్వులే పెట్టిందట, ఒక ఆవు పుట్టినందుకు, ఒక చెరువుకు, ఒక పెళ్లికి. రాళ్లు మూడోవారంగానీ ముట్టుకోలేదు. తాడు మీద రెండూ పెట్టొచ్చు. మేం కాగితాలిచ్చినప్పుడు ఆ వెసులుబాటు లేదు.

మేలో అనుకుంటా, చెప్పుల పిల్లాడు ఒకరోజు చెప్పులు బయట విడిచాడు. ఎందుకో తెలియదు, ఆ రోజు ప్రత్యేకం ఏమీ లేదు. తాడు లాగే ఆటలో మనిషి తక్కువైతే ఎవడో వాడి చెయ్యి పట్టి లాగాడు, చేతిలో చెప్పులుంటే తాడు పట్టుకోవడం కుదరదు కదా. మేం పెద్దవాళ్లం ఒకరి మొహం ఒకరు చూసుకుని లోలోపల పండగ చేసుకున్నాం. ఆట అయ్యాక బయటికి వెళ్లి చూస్తే చెప్పులు లేవు. ఎవడో వేసుకుపోయాడు.

నా గుండె జారిపోయింది. మూడు నెలల పని పోయింది అనుకున్నాను. పిల్లాడు ఒట్టి కాళ్లతో వెళ్లిపోయాడు. మర్నాడు వస్తాడనుకోలేదు. వచ్చాడు. ఒట్టి కాళ్లతోనే వచ్చి, వరసగా అందరి పాదాలూ చూస్తూ నడిచి, తీగకట్టు ఉన్న నీలం చెప్పు వేసుకున్నవాణ్ని పట్టుకుని, కింద పడేసి, గుండెలమీద ఎక్కి కూర్చున్నాడు. కేకలు! అన్ని నెలల్లో వాడి గొంతు మేం విన్నది అదే మొదటిసారి. ఏమంటున్నాడని అడిగితే, మా అమ్మాయి నవ్వాపుకుంటూ, "తర్జుమా చేయకూడదు ఆపా" అంది. విడదీసి, నీళ్లిచ్చి, ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాం. ఆ సాయంత్రం వాడి ఫైల్లో నేను రాసుకున్న మొదటి మంచివార్త ఆ కొట్లాట.

జూన్‌లో వర్షాలు దిగాయి. చెట్లు కొట్టేసిన కొండలు, బురదమట్టి. జారిపోయే చోట్ల ఉన్న కుటుంబాలను వేరే వైపులకు తరలించారు. అవసరమే, కాదనలేం. కానీ పిల్లల వైపునుంచి చూస్తే, కష్టపడి కూడగట్టుకున్న స్నేహాలు మళ్లీ ఒక్కపూటలో తెగిపోయాయి. మా పిల్లల్లో పదకొండుమంది అలా వెళ్లిపోయారు. గాలికి టార్పాలిన్ పటపటమని కొట్టుకుంటే చిన్నపిల్లలు తల చేతుల్లో పెట్టుకుని బోర్లా పడుకునేవాళ్లు. మేం ఒక ఆట కట్టాం. పటపట వినపడగానే అందరూ లేచి నేలమీద అరికాళ్లతో అదే మోత తిరిగి చేయాలి. ఇది ఏ మాన్యువల్‌లోనూ లేదు, చిన్న వలంటీర్ పిల్ల అప్పటికప్పుడు కల్పించింది. కొందరికి పనిచేసింది. ఇద్దరికి అస్సలు పనిచేయలేదు. వాళ్లను గాలి ఆగేదాకా ఒళ్లో కూర్చోబెట్టుకోవడం తప్ప వేరే దారి లేకపోయింది.

అక్టోబరు ఆఖరున, నవంబరు మధ్యలో జనాన్ని వెనక్కి పంపడం మొదలుపెడతామని రెండు ప్రభుత్వాలు ప్రకటించాయి. జాబితాలో రెండువేల పైచిలుకు పేర్లున్నాయని తెలిసింది. ఎవరి పేర్లో ఎవరికీ తెలియదు. వారం తిరిగేసరికి పిల్లల హాజరు సగమైంది. పక్క తడపడం మానేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. కొన్ని కుటుంబాలు గుడిసె వదిలి వేరే క్యాంపుల్లో బంధువుల దగ్గర దాక్కున్నాయి. మా వలంటీర్లే రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, పిల్లలకు ఏం చెప్పమంటారని నన్ను అడిగారు. 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్' అని నేను ఎన్నిసార్లు బోర్డుమీద రాశానో. ఆ 'పోస్ట్' అనే ముక్కను ఆ వారం చెరిపేశాను. జరిగిపోయినదాని గురించి కాదు వాళ్ల భయం, గురువారం గురించి.

గురువారం అంటే నవంబరు 15. ఉంచిప్రాంగ్ క్యాంపు దగ్గర బస్సులు వచ్చి నిలబడ్డాయి. ఎవరూ ఎక్కలేదు. "వెళ్లం" అని జనం అరిచారు, బస్సులు ఖాళీగా వెళ్లిపోయాయి. ఆ రోజు మా కేంద్రానికి వచ్చింది తొమ్మిదిమంది పిల్లలు. చెప్పుల పిల్లాడు వచ్చాడు. చెప్పులు ఒళ్లో ఉన్నాయి. ఈసారి పక్కన ఇంకొకడు కూడా చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, మేలో వాటిని ఎత్తుకుపోయినవాడు. ఇద్దరూ గవ్వలాట ఆడుకున్నారు.

డిసెంబరులో నా కాంట్రాక్టు అయిపోయింది. వెళ్లిపోయేముందు మూడు వారాలపాటు రోజూ పిల్లలకు నేను వెళ్తున్నానని, ఏ రోజు వెళ్తున్నానో చెబుతూ వచ్చాం. చెప్పకుండా మాయమైన పెద్దవాళ్లు వాళ్ల బతుకుల్లో చాలామంది ఉన్నారు, నేనొకదాన్ని కాకూడదనుకున్నాను. చివరిరోజు కాగితాలు పంచాం. మంటలా పూలా అని ఎవరూ అడగలేదు. ఎక్కువమంది గాలిపటాలు గీశారు. ఒకడు నా కళ్లజోడు ఒక్కటే గీశాడు, కాగితం నిండా.

తిరిగొచ్చాక చాన్నాళ్లు నాకూ నిద్ర సరిగా పట్టలేదు. పందిళ్లకు కట్టిన పరదా గాలికి కొట్టుకుంటే ఉలిక్కిపడేదాన్ని. ఆ సంగతి ఇంకోసారి.

2021 మార్చి 22న కుతుపలాంగ్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. సుమారు 45,000 మంది గూడు పోగొట్టుకున్నారు. మా కేంద్రం ఉన్న వైపు కూడా కాలిపోయింది. రెండురోజులు ఎవరి ఫోనూ కలవలేదు. మూడోరోజు బడిపంతులు వలంటీర్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. పిల్లల పేర్ల రిజిస్టర్ కాలిపోయిందట, పాత కాపీ నా దగ్గర ఉందా అని. వెతికి పంపాను. సాయంత్రానికి ఒక్కొక్క పేరు పక్కనా టిక్కులు పెట్టి ఫోటో పంపాడు. నలుగురికి టిక్కు లేదు. మర్నాడు ఆ నలుగురికీ పెట్టాడు.

ఏం పంపమంటారు, బొమ్మలా, రంగులా అని అడిగాను. ఇప్పుడవేమీ వద్దు ఆపా, రెండు టార్పాలిన్లు, నాలుగు చాపలు, చెప్పులు అన్నాడు. కాసేపటికి ఇంకో ఫోటో వచ్చింది. అదే రిజిస్టర్, ఈసారి పేర్ల పక్కన టిక్కులు కాదు, చెప్పుల సైజులు.